నిర్వహణను పాఠంగా మార్చిన గని ఇంజనీరు – హెన్రీ ఫేయోల్

బి.కాం., ఎం.బి.ఏ. చదివే మన మనుమలు, మనుమరాండ్రు నిర్వహణ శాస్త్రం పుస్తకం తెరవగానే మొదటి పాఠాల్లోనే కనిపించే పేరు హెన్రీ ఫేయోల్. ఆయన చెప్పిన పద్నాలుగు సూత్రాలను పిల్లలు పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. కాని వాటి వెనుక ఒక ఉద్యోగి అర్ధ శతాబ్దపు సర్వీసు ఉందని చాలామందికి తెలియదు. ఫేయోల్ కళాశాల అధ్యాపకుడు కారు. మనలాగే ఒక సంస్థలో చేరి, అక్కడే పదవీ విరమణ చేసిన మనిషి.

ఫేయోల్ 1841లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ఫ్రెంచి కుటుంబంలో జన్మించారు. ఫ్రాన్స్‌లో గనుల ఇంజనీరింగు చదివి, 1860లో కొమాంత్రీ బొగ్గు గనుల్లో ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయన వయస్సు 19 ఏళ్లు. మరుసటి ఏడాది గనిలో పనిచేసే ఒక గుర్రం కాలు విరిగింది. మరో గుర్రాన్ని పంపమని ఫేయోల్ ఉత్తర్వు రాసి ఇచ్చారు. డైరెక్టరు సంతకం లేదని గుర్రపుశాల ఉద్యోగి నిరాకరించాడు. డైరెక్టరు ఊళ్లో లేరు. ఆయన బదులు ఎవరు సంతకం చేయాలో ఎవరికీ తెలియదు. ఆ అంతస్తులో ఆనాటి ఉత్పత్తి అంతా పోయింది. ఫైళ్లతో జీవితం గడిపిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బాధ్యత ఉన్నచోట అధికారమూ ఉండాలనే విషయం ఆ యువకుడి డైరీలో ఆనాడే చేరింది.

గనుల్లో రేగే మంటలను అదుపు చేయడంలో దిట్ట అనిపించుకుని, 1866లో ఆ గనులకు మేనేజరయ్యారు. 1888లో కంపెనీ మొత్తానికి అధిపతి అయ్యేనాటికి సంస్థ దివాలా అంచున ఉంది. 1885 నుంచి వాటాదారులకు డివిడెండు లేదు. మూతపడితే వేలాది కార్మికుల బతుకులు వీధిన పడేవి. ఫేయోల్ సంస్థను నిలబెట్టి, 1918లో పదవీ విరమణ చేసేనాటికి బలమైన స్థితిలో అప్పగించారు. ఆ ఘనత తన సాంకేతిక ప్రతిభది కాదనీ, నిర్వహణ పద్ధతిదనీ ఆయన నమ్మకం.

ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆదేశం, సమన్వయం, నియంత్రణ — ఈ ఐదే నిర్వహణ అని 1916లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. శ్రమ విభజన, క్రమశిక్షణ, ఒక ఉద్యోగికి ఒకే అధికారి, న్యాయమైన వేతనం, ఉద్యోగ స్థిరత్వం, సంఘభావం వంటివి ఆయన సూత్రాలు. అయితే అవి మార్చరాని శాసనాలు కావనీ, సందర్భాన్ని బట్టి వాడుకోవాలనీ ఆయనే హెచ్చరించారు. ఇటువంటి సూత్రాలు ఒకదానికొకటి విరుద్ధమైన సామెతల వంటివని 1946లో హెర్బర్ట్ సైమన్ విమర్శించినా, తరగతి గదిలో వాటి స్థానం చెక్కుచెదరలేదు.

ఫేయోల్ అసలు పోరాటం విద్యాలయాలతో. ఇంజనీరింగు కళాశాలల్లో గణితం అతిగా బోధిస్తున్నారనీ, మనుషులతో పని చేయించే విద్య మాత్రం చెప్పడం లేదనీ ఆయన ఆవేదన. ఈ విద్య పుట్టుకతో రాదు, అనుభవంతో మాత్రమే వచ్చేదీ కాదు, సిద్ధాంతం ఉంటే నేర్పవచ్చు అన్నది ఆయన వాదం. పదవీ విరమణ తరువాత కూడా ఆయన విశ్రాంతి తీసుకోలేదు. నిర్వహణ అధ్యయన కేంద్రం స్థాపించారు. ఫ్రెంచి తంతి తపాలా శాఖ పనితీరును పరిశీలించి, దీర్ఘకాలిక ప్రణాళిక లేకపోవడం వంటి లోపాలను 1921లో ఎత్తిచూపారు. 1925లో 84వ ఏట కన్నుమూశారు. 1949లో వచ్చిన ఆంగ్లానువాదంతో ఆయన పేరు ప్రపంచమంతటా వ్యాపించింది.

నిర్వహణ కంపెనీలకే కాదు, కుటుంబానికీ అవసరమేననీ, ప్రాథమిక పాఠశాల నుంచే ఆ ఓనమాలు దిద్దించాలనీ ఫేయోల్ కోరారు. పుస్తకంలోని సూత్రం పిల్లలకు బోధపడాలంటే ఉదాహరణ కావాలి. ఆ ఉదాహరణలు మన సర్వీసులో కావలసినన్ని ఉన్నాయి. తీరిక ఉన్న ఈ వయసులో వాటిని మన పిల్లలకు చెప్పడం మనం చేయగలిగిన మంచి పని.