కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని పూర్వము మన పెద్దలు చెప్పుకొనెడివారు. రైలుబండ్లు లేని ఆ కాలమున ఆ మాటలో అతిశయోక్తి అంతగా లేదు. త్రోవలో అడవులుండెను, వంతెనలు లేని నదులుండెను, దొంగలుండిరి. మధ్యభారతమున ఠగ్గులు తోడి బాటసారులవలె నటించి, నమ్మినవారి మెడకు గుడ్డ బిగించి చంపుచుండిరి. అన్నిటికంటె భయంకరమైనది విషూచి. చెడునీటివలన కలుగు ఆ జాడ్యము పుణ్యక్షేత్రముల త్రోవలయందే ప్రబలెడిది. దానికి కారణమైన సూక్ష్మజీవిని కాక్ అను జర్మను పండితుడు కలకత్తాలో నిర్ధారణ చేసినది 1884లో. అనగా మన కథకు అర్ధశతాబ్ది తరువాత.

వీరాస్వామయ్య 1780 ప్రాంతమున జన్మించెను. చిన్ననాడే తండ్రి గతించినను, స్వయంకృషిచే ఆంగ్లమున పాండిత్యము సంపాదించి, చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా గొప్ప పేరు పొందెను. 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో ఆయన కాశీయాత్రకు బయలుదేరెను. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరెను.

ఆయన ఎక్కినది పల్లకి. నడిచినవారు బోయీలు, పరిచారకులు. పల్లకిలో కూర్చున్నవానికి ముండ్లబాధ యేమి తెలియునని మీ రడుగవచ్చును. తెలియని ప్రభువులు పెక్కుమంది కలరు. ఈయన మాత్రము ప్రతి మజిలీయందును నేల రాతిదో, ఇసుకదో, వాన పడిన దిగబడు రేగడిదో కనిపెట్టి దినచర్యలో వ్రాసికొనెను. ఊరికి ఊరికి నడుమ ఎంత దూరము, ఏ నది నెట్లు దాటవలెను, మంచినీ రెచ్చట దొరకును, అంగళ్లెచ్చట కలవు, ఇవన్నియు అందు కలవు. క్షేత్రమహిమలను వర్ణించినవారు చాలమంది కలరు గాని, వెనుక రాబోవు బాటసారి కాళ్లను తలచుకొని వ్రాసినవారు అరుదు.

తిరుగుప్రయాణమున గయ, కలకత్తా, పూరీలను చూచుకొని, 1831లో గంజాము దాటి శ్రీకాకుళము, విజయనగరముల మీదుగా ఆయన దక్షిణమునకు వచ్చెను. పూరీ, శ్రీకూర్మము, సింహాచలములను కలుపు ఈ త్రోవ యాత్రికులకు చిరకాలముగా పరిచితము. కొండలు ఒకవైపు, సముద్రము మరియొకవైపు. నడుమ బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి ఒకదాని వెంట నొకటి అడ్డుపడును. వేసవిలో ఈ నదులు ఇసుకతిన్నెలు. వర్షకాలమున వీనిని నమ్మరాదు. ఒడ్డున ఎండ కాయుచున్నను, ఎగువ కొండలలో వాన కురిసిన చాలును, మోకాలిలోతు నీరు చూచుచుండగనే మెడ మునుగ వచ్చును. ప్రతి వరదకును ఇసుక కదలును గనుక, నిరుడు దాటిన చోటు ఈయేడు గుండమై యుండవచ్చును. కావున క్రొత్తవారు రేవు తెలిసిన స్థానికుని ముందు నడిపించుకొని దిగవలసియుండెను. దోనె దొరికినను, ముందు దాటవలెనను ఆతురతతో అందరు నొక్కమారు ఎక్కుట మరియొక ప్రమాదము.

ఇప్పుడీ నదులపై వంతెనలు కలవు. ఇచ్ఛాపురమునుండి జాతీయరహదారి పోవుచున్నది. నీటిభయము పోయినది, వాహనభయము వచ్చినది. నేటికిని కాలినడకన సింహాచలము పోవు భక్తులు కలరు. కాలిబాట లేనిచోట వారు కుడిప్రక్కన, ఎదురుగా వచ్చు బండ్లు కంటబడునట్లు, ఒకరి వెనుక నొకరు నడచుట మేలు. రాత్రివేళ తెల్లని వస్త్రమో, చేతిదీపమో ఉండవలెను.

వీరాస్వామయ్య 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరెను. యాత్రకు పదునైదు నెలలకు పైగా పట్టెను. దారిపొడవునను ఆయన తన దినచర్యను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. అది గ్రంథభాషలో గాక, ఇంచుమించు మాటలాడు తెలుగులోనే యుండెను. 1836లో వీరాస్వామయ్య పరమపదించెను. రెండేండ్ల తరువాత, 1838లో, శ్రీనివాసపిళ్ల ఆ వ్రాతలను కాశీయాత్ర చరిత్ర అను పేర ముద్రింపించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించిరి.