మూడు నెలల ఒట్టు: మాట్ టాల్బట్ జీవితం

ఈసారి మన వార్షిక పుస్తకంలో ఒక కూలీ జీవితం చెప్పుకుందాం. ఈయన రాజు కాదు, నాయకుడు కాదు, పెద్ద చదువులు చదివినవాడూ కాదు. మనలాగే బరువులు మోసి, వచ్చిన కూలితో బతికినవాడు. పేరు మాట్ టాల్బట్. ఊరు ఐర్లండ్ దేశంలోని డబ్లిన్.

రేపటి నుంచి మానేస్తా అని ఎన్నిసార్లో ఒట్టు వేసి, జీతం చేతికి రాగానే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టినవాళ్లు మన రూముల్లో ఉన్నారు. మళ్లీ తప్పు చేశాక ఇంటికి ఫోన్ చేయాలన్నా సిగ్గు, ప్రార్థనకు కూర్చోవాలన్నా సిగ్గు. ఇక నేను మారను, దేవుడు కూడా నన్ను వదిలేసి ఉంటాడు అనుకుంటారు. ఆ అన్నదమ్ముల కోసమే ఈ కథ.

మాట్ 1856 మే 2న పుట్టాడు. పన్నెండు మంది పిల్లల్లో రెండోవాడు. నిరుపేద ఇల్లు. ఇంట్లో మగవాళ్లు చాలామంది తాగేవాళ్లే. బడికి వెళ్లింది చాలా తక్కువ. 12 ఏళ్లకే ఒక మద్యం వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. అక్కడ సీసాల్లో నల్ల బీరు నింపే పని. సీసాల్లో మిగిలింది తాగడంతో మొదలైంది. కొద్ది రోజులకే పిల్లవాడు తూలుతూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తండ్రి కొట్టి, తాను పనిచేసే ఓడరేవుకు మార్చాడు. అక్కడ విస్కీ గిడ్డంగి! బీరు పోయి విస్కీ వచ్చింది. ఆ తర్వాత తాపీ మేస్త్రీల దగ్గర ఇటుకలు, సున్నం మోసే కూలీ అయ్యాడు.

పనిలో మాత్రం గట్టివాడు. ఒళ్లు దాచుకునేవాడు కాదు. కానీ శనివారం వచ్చిన కూలి తాగుడుకే పోయేది. డబ్బు అయిపోతే చొక్కా, బూట్లు తాకట్టు పెట్టేవాడు. ఒకసారి స్నేహితులతో కలిసి, వీధిలో ఫిడేలు వాయించుకుని బతికే ఒక బిచ్చగాడి ఫిడేలు దొంగిలించి అమ్మి తాగేశాడు. తాగుడులో ఉన్న రోజుల్లో కూడా ఆదివారం గుడికి వెళ్లడం మానలేదు. కానీ పాపసంకీర్తనం చేసి, సత్ప్రసాదం తీసుకోవడం కొన్నేళ్లుగా మానేశాడు. ఇలా 16 ఏళ్లు గడిచాయి.

1884లో ఒక శనివారం. ఆయనకు 28 ఏళ్లు. ఆ వారం పనికి పోలేదు, చేతిలో పైసా లేదు. కూలి తీసుకుని వచ్చే స్నేహితులు తాగిస్తారని మందు దుకాణం దగ్గర నిలబడ్డాడు. డబ్బున్నప్పుడు తాను అందరికీ పోయించినవాడే కదా. స్నేహితులు వచ్చారు, పలకరించారు, లోపలికి పోయారు. ఒక్కడూ రమ్మనలేదు. మనసు విరిగి ఇంటికి వచ్చాడు. తాగనని ఒట్టు వేస్తానని తల్లితో చెప్పాడు. నిలబెట్టుకోగలిగితేనే వెయ్యి అంది ఆ తల్లి. ఆమె ఎన్ని మాటలు విని ఉంటుందో!

ఆ సాయంత్రమే ఒక గురువు దగ్గరికి వెళ్లి పాపసంకీర్తనం చేసి ఒట్టు వేశాడు. జీవితాంతం అని కాదు, మూడు నెలలకే. మర్నాడు పొద్దున సత్ప్రసాదం తీసుకున్నాడు.

ఆ మూడు నెలలు ఆయనకు నరకమే. గడువు అయిపోగానే మళ్లీ తాగుతానేమో, ఇదంతా వృథా అని తల్లితో అనేవాడు. ఆమె ధైర్యం చెబుతూ వచ్చింది. ఒక రోజు జేబులో డబ్బుంటే కాళ్లు మందు దుకాణంలోకే లాక్కుపోయాయి. లోపల రద్దీగా ఉంది, పోసేవాడు ఈయన్ని పట్టించుకోలేదు. ఒక్కసారిగా బయటికి నడిచి, గుడిలోకి వెళ్లి తలుపులు మూసేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత జేబులో డబ్బు పెట్టుకుని తిరగడం మానేశాడు. తన బలహీనత తనకు తెలుసు, దాన్ని దాచుకోలేదు.

పని అయ్యాక స్నేహితులు మందు దగ్గరికి పోయే వేళకు ఈయన గుడిలో ఉండేవాడు. పొద్దున పనికి ముందే దివ్యబలి పూజకు వెళ్లేవాడు. మూడు నెలల ఒట్టు ఆరు నెలలైంది, తర్వాత జీవితాంతం అయింది. పాత అప్పులు తీర్చాడు. ఫిడేలు పోగొట్టుకున్న మనిషి కోసం ఎంతో వెతికాడు, దొరకలేదు. ఆ డబ్బును అతని పేర పూజలకు ఇచ్చాడు. పొగ మానడం తాగుడు మానడం కంటే కష్టమైందట, అయినా అదీ మానాడు.

చదువు రాని మనిషి కష్టపడి నేర్చుకుని, తనలాగే పాపంతో చాలాకాలం పెనుగులాడిన పునీత అగస్టీన్ జీవితం చదివాడు. చివరి ఏళ్లలో కలప అడితిలో పనిచేశాడు. 1913లో డబ్లిన్‌లో యజమానులు కార్మికులకు పని ఆపేసి గేట్లు మూసినప్పుడు, తోటివాళ్ల పక్షానే నిలిచాడు. తనకు వచ్చిన దానిలోంచి పెళ్లాంపిల్లలున్న వాళ్లకు ఇచ్చాడు.

1925 జూన్ 7, ఆదివారం, పూజకు వెళ్తూ దారిలో కుప్పకూలి చనిపోయాడు. తాగుడు మాని 41 ఏళ్లు. తపస్సుగా ఒంటికి కట్టుకున్న గొలుసులు అప్పుడే బయటపడ్డాయి. అంత కఠినం మనకు అక్కర్లేదు. 1975లో కతోలిక సంఘం ఆయన్ని పూజనీయుడిగా ప్రకటించింది.

మనం తీసుకోవాల్సింది ఇది. ఆయన బలవంతుడై దేవుడి దగ్గరికి పోలేదు, బలహీనుడిగానే పోయాడు. మళ్లీ పడిపోతానన్న భయం పోయాక కాదు, భయంతోనే రోజూ పోయాడు. క్షమాపణ మంచివాళ్లకు ఇచ్చే బహుమతి కాదు, పడ్డవాడికి చాచిన చెయ్యి అని ఆయన బతుకు చెబుతోంది.

నిన్న మళ్లీ తాగిన తమ్ముడూ, జీవితాంతం అని ఒట్టు వేయలేకపోతే ఈ వారానికి వెయ్యి. జీతం రాగానే ఇంటికి పంపెయ్యి. సెలవు రోజు సాయంత్రం ఒంటరిగా ఉండకు, నమ్మకమైన ఒక్కరికి నిజం చెప్పు. ఎక్కువ తాగే అలవాటుండి, ఆపగానే చేతులు వణికితే డాక్టరు దగ్గరికి వెళ్లు, అది సిగ్గుపడే విషయం కాదు. మళ్లీ పడితే మళ్లీ లే. మాట్‌కు కూడా మొదట దొరికింది మూడు నెలలే.