పాఠశాలా ఋణము: కందుకూరి వీరేశలింగము పంతులుగారు

పాఠశాలల వార్షికోత్సవములలో పూర్వవిద్యార్థులను సత్కరించుట మన పట్టణములలో ఆచారమైనది. ఆచారము మంచిదే. కాని వేదిక మీదికి పిలువబడువారి వరుసను పరికించినచో ఒక లోపము కానవచ్చును. ఉన్నతోద్యోగములు చేసినవారు, న్యాయపీఠము నలంకరించినవారు, వర్తకమున లక్షలార్జించినవారు ముందు కూర్చుందురు. వారిచేత అక్షరములు దిద్దించినవారును, చదువు ముగించి మరల ఆ బడికే వచ్చి చిన్నవారికి పాఠము చెప్పినవారును వెనుక వరుసలోనైన కానరారు. ఒక పాఠశాల కీర్తిని దేనితో కొలువవలెనను ప్రశ్న ఇచ్చట పుట్టుచున్నది. ఈ ప్రశ్నకు ఆంధ్రదేశమున ఒక నిండుజీవితమే సమాధానముగా నిలిచియున్నది. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము. ఆయన సంఘసంస్కర్తయనియు, గద్యమునకు దారి తీసినవాడనియు అందరును ఎరుగుదురు. ఆయన మొదట విద్యార్థి, పిదప ఉపాధ్యాయుడు అను మాట మాత్రము మరుగున పడినది.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బరాయుడుగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే పెదతండ్రి వెంకటరత్నముగారి ఆలనలో పెరిగిరి. పసితనముననే మశూచికము సోకినది. దగ్గు, ఉబ్బసము జీవితాంతము విడువలేదు. ఇట్టి దుర్బలదేహముతో, పెద్ద ఆస్తి లేని యింటినుండి వీధిబడికి పోయి, అటుపై ఆ పట్టణమున దొరతనమువారు నెలకొల్పిన జిల్లా పాఠశాలలో ఇంగ్లీషు చదువునకు చేరిరి. 1853లో వెలసిన ఆ పాఠశాలయే క్రమముగా కళాశాలగా ఎదిగినది. గోదావరీ తీరమున చదువుకొనగోరిన మధ్యతరగతి పిల్లలకు అది పెద్ద ఆశ్రయము. అందు చదువుకొన్న దినములలోనే బ్రహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుని ఉపన్యాసములు ఆయన చేతికి వచ్చినవి. పాఠ్యపుస్తకములలో లేని ప్రశ్నలు బాలుని మనస్సున అప్పుడే మొలకెత్తినవి.

ఆ కాలమున ఇంగ్లీషు నేర్చి ప్రవేశపరీక్షలో తేరిన యువకునికి రెండు రాజమార్గము లుండెను. ఒకటి కచేరీ ఉద్యోగము, రెండవది ప్లీడరు వృత్తి. రెండింటను ధనమును, ఊరిలో మర్యాదయు కలవు. కచేరీలలో లంచము నాడు మామూలుగా చెల్లుచుండెను. వకీలు వృత్తియో అసత్యము లేక సాగదని ఆయనకు తోచినది. బంధువుల ఆశలు ఎట్లున్నను ఆ రెండు తలుపులను తామే మూసికొని, స్వల్పజీతముగల బడిపంతులు పనికి ఆయన పూనుకొనిరి. మన సన్మానసభలలో ఇట్టి నిర్ణయమునకు హారము వేయు ఆచారము లేదు. అయినను పంతులుగారి తక్కిన జీవితమంతయు ఈ యొక్క నిర్ణయమునుండి పుట్టినదే.

మొదట కోరంగిలో పనిచేసిరి. ఒకప్పుడు ఓడలతో కళకళలాడి పిదప క్షీణించిన రేవది. అటనుండి ధవళేశ్వరము పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా వచ్చిరి. గోదావరి ఆనకట్ట చేత ఆ ప్రాంతపు పొలములు పండుట మొదలై అప్పటికి రెండు దశాబ్దములు గడచినవి. భూములకు నీరు వచ్చినది గాని యిండ్లలోని ఆడుబిడ్డలకు అక్షరము రాలేదు. 1874లో పంతులుగారు ధవళేశ్వరముననే బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆడుదానికి చదువు వచ్చినచో సంసారము చెడునని ఊరి పెద్దలు నమ్ముచుండిన దినములవి. ఆ యేటనే వివేకవర్ధని పత్రికను ప్రారంభించి అధికారుల లంచగొండితనమును, పెద్దమనుష్యుల దంభమును బయలుపెట్టిరి. పగలు తరగతిలో పిల్లలకు చెప్పిన పాఠమును పత్రికలో పెద్దలకు చెప్పిరన్నను తప్పులేదు.

కొలది యేండ్లకే తాము పుట్టి, చదువుకొనిన రాజమహేంద్రవరమునకు తెలుగు పండితులుగా తిరిగివచ్చిరి. విద్యార్థిగా అడుగిడిన విద్యాలయమున గురువుగా నిలుచుట సామాన్యభాగ్యము కాదు. ఇచ్చటనే ఆయన భాషయును మారినది. తొలి దినములలో ఆయన పాండిత్యప్రదర్శనమున ఎవ్వరికిని తీసిపోలేదు. పలుకునప్పుడు పెదవులు తగులని అక్షరములతో, అచ్చతెనుగున నలుని కథను కావ్యముగా కూర్చిరి. చిన్నయసూరి నడకను అనుసరించి కఠినమైన గద్యము వ్రాసిరి. కాని యెదుట కూర్చున్నవారికి బోధపడని విద్య నిష్ప్రయోజనమని బోధకునకు వేరుగ చెప్పవలయునా? క్రమక్రమముగా ఆ ప్రౌఢిని విడిచి సులభమైన వచనము చేపట్టిరి. రాజశేఖర చరిత్రము, సత్యవతీ చరిత్రము ఆ మార్పునకు ఫలములు. స్త్రీలకొరకు 1883లో సతీహితబోధినియను పత్రికను నడపిరి. దేహధర్మములు, జంతువులు, గ్రహనక్షత్రములు మొదలగు విషయములపై తెలుగుననే శాస్త్రగ్రంథములు రచించిరి. కడపటికి 1919లో, మరణమునకు కొన్ని మాసముల ముందు, గిడుగు రామమూర్తి పంతులుగారి వాడుకభాషోద్యమమునకు బాసటయై ఆ సమాజమునకు అధ్యక్షత వహించిరి. డెబ్బదియేండ్ల పండితుడు తన పాండిత్యముకంటె పిల్లవాని గ్రహింపును పెద్దదిగా ఎంచిన ఘట్టమది.

ఆయన ఉపాధ్యాయత్వమునకు అసలు పరీక్ష 1881లో వచ్చినది. బాలవితంతువుల దురవస్థను గూర్చి 1879లో ఆయన చేసిన ఉపన్యాసములు పట్టణమును కలచివేసినవి. శాస్త్రవాదములు చెలరేగినవి. సభలలో చప్పట్లు కొట్టినవారిలో పలువురు కార్యము దగ్గరపడగానే తప్పుకొనిరి. వెలివేయుదుమను శ్రీముఖములకు వెరచి కొందరు ప్రాయశ్చిత్తములు చేయించుకొనిరి. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. అయినను ధనము పెండ్లి ఖర్చులకు చాలును గాని వీధిలో నిలుచు మనుష్యులను తేజాలదు. ఆ కొరతను తీర్చినవారు ఆయన శిష్యులు. 1881 డిసెంబరు 11వ తేదీని పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని జరిగిన తొలి వితంతు వివాహమునకు కళాశాలా విద్యార్థులు అండయై, కావలియై నిలిచిరి. వారిలో అనేకులు తమ యిండ్లలో పెద్దల కోపమును తలపై మోసికొని వచ్చినవారే. పరీక్షలలో ఎన్ని మార్కులు వచ్చినవని నేడు మనము లెక్కించుచున్నాము. నాటి రాత్రి ఆ గుమ్మము ముందు నిలిచినవారికి వచ్చిన మార్కులను ఏ పట్టికలో వ్రాయగలము?

పిదప వచ్చిన కష్టములు కొద్దివి కావు. వంటవారును నీళ్ళవారును మానివేసిరి. బంధువుల రాకపోకలు నిలిచినవి. పంతులుగారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి తామే పోయి బిందెలతో నీరు మోసి తెచ్చి, వచ్చినవారికి వండి పెట్టిరి. సంతానము లేని ఆ దంపతుల యిల్లు వితంతుబాలికలకు పుట్టినిల్లయినది. పంతులుగారి పేరు చెప్పునప్పుడు ఈ తల్లి పేరు చెప్పని సత్కారము సగము సత్కారమే. పంతులుగారు తమ జీవితకాలమున నలుబదికి దగ్గరగా ఇట్టి వివాహములు జరిపించిరి. వానిలో ప్రతిదాని వెనుకను ఆమె శ్రమ యున్నది.

ఆయన దోషరహితులని చెప్పుట ఆయనకే యిష్టము కాదు. కలము కఠినము. పరిహాసము ఒక్కొక్కప్పుడు దురాచారమును దాటి మనుష్యులను గాయపరచినది. నమ్మినదానిని సడలింపని పట్టుదల మిత్రులను సైతము దూరము చేసినది. అయినను ఆ పట్టుదలను ఆయన తమ లాభమునకై వాడుకొనలేదు. 1890లో రాజమహేంద్రవరమున పురమందిరము కట్టించి ప్రజల కొప్పగించిరి. 1899లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పండితులుగా పోయి, అచ్చట కొన్ని యేండ్లు పనిచేసి, తిరిగి స్వస్థలమునకు వచ్చిరి. పుస్తకముల వలనను ముద్రాశాల వలనను సమకూడిన యావదాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. పాఠశాలయును, వితంతుశరణాలయమును దానివలన నిలిచినవి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. 1919 మే 27వ తేదీని మదరాసున, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట పంతులుగారు తనువు చాలించిరి. బడినుండి తాము పొందినదానిని వడ్డితో బడికి చెల్లించి వెళ్ళినవారని ఆయనను గూర్చి నిస్సంశయముగ చెప్పవచ్చును.

పాఠశాల ఋణమనునది ఇట్టిది. పదవి చేత అది తీరదు. విరాళపు పలక గోడకు తగిలించిన మాత్రమునను తీరదు. మన పట్టణములలో పంతులుగారి విగ్రహములు కలవు. జయంతినాడు పూలదండలును పడుచున్నవి. కాని ఆయన విడిచిన ప్రశ్న మన పాఠశాలల గోడల నడుమ ఇంకను వినబడుచునే యున్నది. గ్రామమునకు పెద్దలైన భూస్వాములును, పట్టణ ప్రముఖులును తమ ఊరి సర్కారు బడిని ఇతరుల పిల్లలకొరకైన సత్రముగా చూచుట మానుదురా? వచ్చు వార్షికోత్సవమున కుర్చీలు వేయునప్పుడు, ముప్పదియేండ్లు ఆ బడిలోనే సుద్దముక్కతో గడపిన వృద్ధోపాధ్యాయుని ముందు వరుసలో కూర్చుండబెట్టుదురా? గోడపై వ్రాయించు పేర్లలో ఉద్యోగుల సరసన ఉపాధ్యాయుల పేర్లును వ్రాయింతురా? ఇవి పెద్ద వ్యయముగల పనులు కావు. ఇందునకు కావలసినది గుర్తింపు మాత్రమే.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఒక ఉపాధ్యాయుడు న్యాయమని నమ్మినదానికై ఒంటరిగా నిలిచిననాడు ఆతని శిష్యులు ఎచ్చట నిలుతురు? 1881లో రాజమహేంద్రవరపు విద్యార్థులు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పిరి. వారిలో పెక్కుమంది పేర్లు మనకు దక్కలేదు. ఆ పాఠశాల ఘనతను చెప్పుటకు వారి చేత చాలును.