డాక్టరు అన్నా కుగ్లర్

కాన్పు ఎచ్చట జరుగవలెనను ప్రశ్న పూర్వము మన యిండ్లలో పుట్టనే లేదు. తొలిచూలు పుట్టింట జరుగును, మంత్రసాని వచ్చును, తక్కినది దైవాధీనము. వడ్లమూడి కైనను గుంటూరు పట్టణమున కైనను ఆచార మొక్కటియే. ఆ సీమ స్త్రీలకు రెండవ త్రోవ చూపిన వైద్యురాలు అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, 1879లో అచ్చటి మహిళావైద్యకళాశాలయందు పట్టము పొందెను. 1883లో లూథరన్ మిషను పక్షమున గుంటూరు చేరెను. విచిత్రమేమనగా, మిషనువారు ఆమెను పంపినది స్త్రీలకు చదువు చెప్పుటకే గాని వైద్యమునకు గాదు. అయినను రోగులను చూడక యుండలేకపోయెను. తొలినాళ్ళలోనే 185 మందికి వారి యిండ్లకు పోయియు, 276 మందికి తన బసలోను చికిత్స చేసెను. 1885లో మిషనువారును ఆమెను వైద్యురాలిగ నియమించిరి.

మంత్రసానులను తక్కువచేయుట న్యాయము గాదు. సుఖప్రసవము లెన్నియో వారి చేతులమీదుగనే జరిగినవి. కాని బిడ్డ అడ్డము తిరిగినను, మాయ పడక రక్తము నిలువకున్నను వారు చేయగలది స్వల్పము. శుభ్రముచేయని కత్తితో బొడ్డు కోసిన ధనుర్వాతము భయము. ఏ కాన్పు కష్టమగునో ముందుగ తెలియదు. తెలిసిన వేళకు బండి కట్టి పట్నము చేరునంత వ్యవధి యుండదు. కావున నొప్పులు రాకముందే ఆలోచించుకొనవలసిన విషయమిది.

ఆలోచించుకొనుట కేమి, అడ్డంకు లనేకము. మగవైద్యుని చూచుటకు ఘోషాస్త్రీ లొప్పుకొనరు. ఈమె స్త్రీయే, కాని పరదేశి తాకిన మైల యను శంక మొదట చాలమందికి కలదు. పిలిచిన యింటికి తానే పోవుచు, ఆ శంకను ఓరిమితో దాటెను.

1897లో గుంటూరున స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి వెలసెను. భవనము లేచినంత మాత్రమున గర్భిణులు వత్తురా? మడి యెట్లు సాగును? అన్న మెవరు వండుదురు? తోడు వచ్చిన తల్లికి, అత్తకు తావేది? ఇంట పెద్దలు అడుగునవి యివియే. మందులను గూర్చి యెవ్వరును అడుగరు. ఏలూరు జమీందారును కవియు నగు రాజా మంత్రిప్రెగడ భుజంగరావుగారు, తమ రాణికి జరిగిన చికిత్సకు కృతజ్ఞులై, ఆసుపత్రి చెంత రోగుల బంధువులకై సత్రము కట్టించిరి. తమవారు దగ్గరనే బసచేయుటకు వీలు కలిగిన పిదప, ఆసుపత్రి కాన్పునకు పోవుదమా యను మాట పెద్ద కుటుంబములలో నోట పలుకదగిన మాట యయ్యెను.

1905లో ప్రభుత్వ మామెకు కైజర్-ఇ-హింద్ పతక మొసగెను. గుంటూరు చేరిన నలుబదియేడేండ్లకు, 1930 జూలై 26న, ఆమె ఆ యూరనే కన్నుమూసెను. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.