ఆలివర్ హెవిసైడ్ – పాక్షిక భిన్నాలు

ఒక జటిలమైన బీజీయ భిన్నాన్ని కొన్ని సరళ భిన్నాల మొత్తంగా విడదీయుటయే పాక్షిక భిన్నాల సారాంశము. 1702లో లైబ్నిజ్, యోహాన్ బెర్నౌలీ అను పండితులు సమాకలనం కొరకు ఈ పద్ధతిని ప్రకటించారు. దానిని విద్యుచ్ఛాస్త్రానికి పదునైన పనిముట్టుగా మలచినవాడు ఆలివర్ హెవిసైడ్.

హెవిసైడ్ 1850 మే 18న లండన్‌లోని కామ్డెన్ టౌన్‌లో పేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి కొయ్యపై బొమ్మలు చెక్కే శిల్పి. బాల్యంలో సోకిన స్కార్లెట్ జ్వరం వలన అతని వినికిడి మందగించింది. పదహారవ ఏట బడి చదువు ముగిసింది. కళాశాల గడప తొక్కే భాగ్యం కలుగలేదు. 1868లో డెన్మార్క్ వెళ్ళి తంతి ఉద్యోగంలో చేరాడు. 1874లో ఆ ఉద్యోగాన్ని వదలి, మరల ఎక్కడా కొలువు చేయక, మాక్స్‌వెల్ మహాగ్రంథాన్ని స్వయంకృషితో అభ్యసించాడు. నేడు మనం చదివే నాలుగు మాక్స్‌వెల్ సమీకరణాల రూపం ప్రధానంగా అతని కృషి ఫలితమే.

తంతి తీగలో విద్యుత్తు కాలంతోపాటు ఎట్లు మారునో తెలుసుకొనుటకు అవకలన సమీకరణాలను సాధించవలెను. హెవిసైడ్ అవకలన క్రియను ఒక మామూలు అక్షరంగా భావించాడు. అంతట సమస్య బీజగణిత భిన్నంగా మారింది. దానిని పాక్షిక భిన్నాలుగా విడదీయగా, ఒక్కొక్క ముక్క నుండి జవాబులోని ఒక్కొక్క పదం లభించింది.

విడదీయుటకు అతని పేరుతో ప్రసిద్ధమైన సులువు ఒకటి కలదు. లవము 3య+5, హారము (య−1)(య+3) అనుకొందాం. హారంలో (య−1)ను వేలితో కప్పి, మిగిలినదానిలో య=1 ప్రతిక్షేపించిన 8/4, అనగా 2 వచ్చును. (య+3)ను కప్పి య=−3 ప్రతిక్షేపించిన −4/−4, అనగా 1 వచ్చును. కావున ఆ భిన్నం 2/(య−1) + 1/(య+3)కు సమానం. అయితే లవము పరిమాణం హారము కన్న తక్కువగా ఉండవలెను. ఒకే కారణాంకం మరల మరల వచ్చినచో ఈ సులువు ఒక్కటే చాలదు.

1891లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకొన్నది. కాని అతని పద్ధతికి కట్టుదిట్టమైన నిరూపణ లేదని పండితులు ఆక్షేపించారు. వ్యాసంలోని మొదటి రెండు భాగాలు అచ్చయినవి. మూడవ భాగాన్ని 1894లో ఆ సొసైటీయే తిరస్కరించింది. ఆక్షేపణ నిరాధారం కాదు, జవాబులు అసత్యమూ కాదు. 1916లో బ్రామ్‌విచ్ ఆ పద్ధతికి దృఢమైన గణిత పునాది వేశాడు. నేడు ఇంజనీరింగు విద్యార్థులు లాప్లాస్ పరివర్తనల పేరుతో అదే మార్గంలో నడుస్తున్నారు.

పేదరికం, చెవుడు, ఏకాంతం అతనిని కడవరకు విడువలేదు. 1922లో మొట్టమొదటి ఫారడే పతకం అతనిని వరించింది. 1925 ఫిబ్రవరి 3న ఇంగ్లండులోని టార్కేలో కన్నుమూశాడు.

పట్టా లేని ఒక స్వయంకృషీవలుడు విద్యాలోకానికి ఇచ్చిన కానుక ఇది. ఉపయోగం కనుగొన్నవానికీ, నిరూపణ సమకూర్చినవానికీ గణితశాస్త్రం సమానంగా ఋణపడి ఉన్నది. పెద్ద చిక్కును చిన్న చిక్కులుగా విడదీసి ఒక్కొక్కటే సాధించు ఓర్పును మన విద్యార్థులు ఈ అధ్యాయం నుండి అలవరచుకొందురు గాక!