చెరసాల తలుపులు తెరవమని అడిగిన విశ్వాసం

అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం హోలీ స్ప్రింగ్స్‌లో 1862 జూలై 16న ఐడా బి. వెల్స్ పుట్టేనాటికి ఆమె తల్లిదండ్రులు బానిసలు. స్వేచ్ఛ వచ్చాక తల్లి ఎలిజబెత్ పిల్లలతోపాటు తానూ బడికి వెళ్లి, బైబిలు చదవగలిగేంత అక్షరజ్ఞానం సంపాదించుకుంది. 1878లో పచ్చజ్వరం ఆ ఇంటి మీద విరుచుకుపడింది. తల్లి, తండ్రి, పసి తమ్ముడు చనిపోయారు. మిగిలిన పిల్లలను తలో ఇంటికీ పంచుదామని పెద్దలు అనుకుంటే పదహారేళ్ల ఐడా ఒప్పుకోలేదు. పల్లెటూరి బడిలో టీచరుగా చేరి తోబుట్టువులను తానే పోషించారు.

తర్వాత మెంఫిస్‌కు మారారు. ఫస్ట్‌క్లాస్ టికెట్ కొని మహిళల పెట్టెలో కూర్చున్న ఆమెను నల్లజాతి స్త్రీ అన్న కారణంతో రైలు సిబ్బంది బలవంతంగా లాగేశారు. ఆమె కోర్టుకెక్కి 1884లో 500 డాలర్ల పరిహారం గెలిచారు. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నా ప్రజలకు న్యాయం దొరకదా అన్న మొరను ఐడా తన డైరీలో దేవుని ముందు కుమ్మరించారు. ఈ కేసు గురించి బాప్టిస్టు వారపత్రికలో రాసిన వ్యాసమే ఆమెను పత్రికారంగంలోకి నడిపించింది. 1889లో 'ఫ్రీ స్పీచ్' పత్రికలో భాగస్వామి అయ్యారు. నల్లజాతి పిల్లల బడుల దుస్థితి గురించి రాసినందుకు 1891లో టీచరు ఉద్యోగం పోయింది.

1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ను, మరో ఇద్దరిని మూక జైలు నుంచి ఈడ్చుకెళ్లి కాల్చి చంపింది. వారు నడిపిన కిరాణా కొట్టు పక్కనే ఉన్న తెల్లజాతి వ్యాపారికి పోటీ కావడమే అసలు కారణం. మాస్ కుమార్తెకు ఐడా గాడ్‌మదర్. స్త్రీలపై అత్యాచారాలను శిక్షించడానికే ఇలాంటి హత్యలు జరుగుతున్నాయని లోకం నమ్ముతున్న రోజులవి. ఐడా తెల్లజాతి పత్రికల వార్తలనే పోగుచేసి లెక్కతీశారు. మూడోవంతు కేసుల్లోనే అసలు ఆ ఆరోపణైనా ఉందని తేలింది. ఈ నిజం రాసినందుకు మే నెలలో ఆమె పత్రికాఫీసును ధ్వంసం చేశారు. ఊళ్లో అడుగుపెడితే ప్రాణం తీస్తామన్నారు. ఆమె న్యూయార్క్‌లో ఉండిపోయి రాయడం కొనసాగించారు.

1893, 1894లో బ్రిటన్ వెళ్లి అక్కడి ప్రార్థనా మందిరాల్లో ప్రసంగించారు. అమెరికా సంఘాల మౌనాన్ని ఆమె దాచలేదు. ప్రఖ్యాత సువార్తికుడు మూడీ దక్షిణాది కూటాల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టారని నిర్మొహమాటంగా చెప్పారు. దేవుని సేవకుల మీద గౌరవం సత్యాన్ని దాచడానికి కారణం కాకూడదని ఆమె ఎరుగుదురు.

1895లో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను వివాహమాడినా తన ఇంటిపేరు వదులుకోలేదు. పాలుతాగే బిడ్డను చంకనెత్తుకుని సభలకు వెళ్లారు. షికాగోలో ప్రెస్బిటేరియన్ సంఘంలో యువకులకు సండే స్కూలు బోధించారు. 1908లో స్ప్రింగ్‌ఫీల్డ్ అల్లర్ల తర్వాత ఆ తరగతి నుంచే ఒక సేవాసంస్థ పుట్టింది. ఊరు కొత్తయిన యువకులకు అది బస, చదువుకునే గది, ఉద్యోగ సమాచారం అందించింది. 1913లో నల్లజాతి స్త్రీల ఓటుహక్కు కోసం ఆమె ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్ స్థాపించారు. అదే ఏడాది వాషింగ్టన్ ఊరేగింపులో వెనక నడవమంటే వినక, తన రాష్ట్ర మహిళల వరుసలోనే నడిచారు.

1919లో ఆర్కాన్సా రాష్ట్రంలో జరిగిన అల్లర్ల తర్వాత 12 మంది నల్లజాతి కౌలురైతులకు మరణశిక్ష పడింది. ఐడా బంధువులా జైల్లోకి వెళ్లి వారిని చూశారు. వారు ప్రార్థిస్తూ, పరలోకం గురించి పాటలు పాడుతూ చావుకు సిద్ధపడుతున్నారు. ఆమె వారిని మందలించారు. పౌలు సీలల చెరసాల తలుపులు తెరిచిన దేవుణ్ణి నమ్మేవారు చావు గురించి కాదు, విడుదల గురించి ప్రార్థించాలని చెప్పారు. బయటికొచ్చి వారి కథను ప్రచురించారు. 1925 నాటికి పన్నెండుమందీ విడుదలయ్యారు. వారిలో ఒకరు షికాగో వచ్చి ఆమెకు కృతజ్ఞత చెప్పుకున్నారు.

1931 మార్చి 25న ఐడా కన్నుమూశారు. 2020లో పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది. మూకహత్యను నేరంగా గుర్తించే సమాఖ్య చట్టం అమెరికాలో 2022లో గాని రాలేదు.

అన్యాయానికి గురైనవారికి పరలోక నిరీక్షణ చెప్పడం సులువు. వారి తరఫున న్యాయస్థానం మెట్లెక్కడం కష్టం. ఐడా రెంటినీ విడదీయలేదు. తలుపు తెరవమని దేవుణ్ణి అడిగారు, అదే తలుపును తన చేతులతో తట్టారు. ఈ ఆదివారం మన ప్రార్థనల్లో ఎవరి పేరు చెబుతామో, సోమవారం వారి ఇంటికి వెళ్లగలమా అని మన సంఘాలు ఆలోచించాలి.