బొల్లారం బిడ్డ.. నరభక్షక పులులకు సింహస్వప్నం
మార్చి 8 కెన్నెత్ ఆండర్సన్ జయంతి

బాన్సువాడ: పులి వేట అనగానే ఏనుగు అంబారీలు, తప్పెట్లతో అడవిని చుట్టుముట్టే వందలాది మంది కూలీలు, చివరకు చచ్చిన పులి పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో కళ్లముందు మెదులుతాయి. నిజాం ఏలుబడిలో ఉన్న ఈ ప్రాంతానికి ఆ వైభవం కొత్త కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేట శిబిరాలను రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాలు నేటికీ సాక్ష్యంగా ఉన్నాయి. ఇప్పటి కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో విస్తరించిన పోచారం అడవి సైతం ఒకనాడు నిజాం ప్రభువుల వేటభూమే. అయితే అదే హైదరాబాద్ రాజ్యంలో పుట్టిన ఓ సామాన్య ఉద్యోగి ఏనుగులు, పరివారం లేకుండానే ఒక రైఫిలు, ఒక టార్చిలైటు, ఒక టీ ఫ్లాస్కుతో నరభక్షక మృగాలను ఎదుర్కొన్నారు. ఆయనే కెన్నెత్ ఆండర్సన్.

కొలువు బెంగళూరులో.. మనసు అడవిలో

ఆండర్సన్ 1910 మార్చి 8న సికింద్రాబాద్ సమీపంలోని బొల్లారంలో జన్మించారు. తరతరాలుగా భారతదేశంలో స్థిరపడిన స్కాట్లండు కుటుంబం వారిది. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో అధికారిగా ఉండేవారు. బెంగళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలో, అనంతరం సెయింట్ జోసెఫ్ కళాశాలలో చదివిన ఆండర్సన్‌ను న్యాయశాస్త్రం కోసం ఎడిన్‌బరో పంపించారు. చదువు మధ్యలోనే వదిలేసి ఆయన తిరిగొచ్చేశారు. తంతి తపాలా శాఖలో పదిహేనేళ్లు, ఆ తర్వాత బెంగళూరు విమానాల కర్మాగారంలో ఉద్యోగం చేశారు. కన్నడం, తమిళం ధారాళంగా మాట్లాడేవారు. వేటకు వెళ్లాలంటే సెలవు పెట్టుకోవాల్సిందే. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే ఆయన ఆయుధాల ఎంపిక వెనకున్న వివేకం బోధపడుతుంది.

ఆ తుపాకీయే ఎందుకు?

నాటి రాజులు, నవాబులు, పెద్ద దొరలు లండన్ కంపెనీలకు ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించుకున్న జంట గొట్టాల రైఫిళ్లు వాడేవారు. ఒక్కో తుపాకీ ఖరీదు సామాన్య ఉద్యోగి ఏళ్ల తరబడి సంపాదనతో సమానం. దీనికితోడు సర్కారు ఆంక్షలు. దొంగిలించిన మార్టిని హెన్రీ సైనిక తుపాకుల్లో వాడుకుంటారన్న భయంతో 1907 ప్రాంతంలో .450 బోరు తూటాలను బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో నిషేధించింది. ఫలితంగానే .470 వంటి కొత్త బోర్లు పుట్టుకొచ్చాయి.

ఆండర్సన్ మాత్రం అమెరికా కర్మాగారంలో తయారైన వించెస్టర్ 1895 మోడల్ .405 బోరు రైఫిలును ఎంచుకుని, దాదాపు జీవితాంతం దాన్నే నమ్ముకున్నారు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఈ తుపాకీలో .405 తూటాను 1904లో ప్రవేశపెట్టారు. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19 గ్రాములు. గొట్టం నుంచి సెకనుకు 2200 అడుగుల వేగంతో దూసుకెళుతుంది. పులి వంటి జంతువును అల్లంత దూరంలోనే కూల్చడానికి ఇది చాలు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లినప్పుడు సింహాల కోసం తీసుకెళ్లిందీ ఇదే రకం.

దీని అసలు సుగుణం ట్రిగ్గరు కింది లీవరులో ఉంది. బోల్టు రైఫిలులో ఒకసారి పేల్చాక చేతిని ట్రిగ్గరు మీద నుంచి తీసి, బోల్టు పైకెత్తి వెనక్కు లాగాలి. లీవరు రైఫిలులో చేయి ఉన్నచోటే కిందికి నొక్కి పైకి లాగితే తర్వాతి తూటా సిద్ధం. తుపాకీ భుజం మీద నుంచి దిగనక్కర్లేదు. జంట గొట్టాల తుపాకీలో రెండు తూటాలయ్యాక ఖాళీ చేతులతో మిగలాల్సిందే. పైకి దూకుతున్న చిరుతకు, మనిషికి మధ్య మిగిలేది ఆ ఒకటి రెండు క్షణాలే.

లోపాలు లేకపోలేదు. పేల్చినప్పుడు ఇది భుజాన్ని గట్టిగా తన్నుతుంది. లీవరు కదిలిస్తే చప్పుడవుతుంది. మదమెక్కిన ఏనుగు పుర్రెను ఛేదించడానికి ఈ గుండు శక్తి అంతంతమాత్రమే. పైగా 1930లలోనే కంపెనీ ఈ బోరు తుపాకుల తయారీని నిలిపివేసింది. అయినా ఆండర్సన్ దాన్ని వదల్లేదు. చీకట్లోనూ చేతికి తెలిసిన తుపాకీ కన్నా మేలైనది లేదన్నది అనుభవజ్ఞులైన వేటగాళ్లందరి మాటే. కుమావూ కొండల్లో పేరుగాంచిన జిమ్ కార్బెట్ సైతం చిన్నపాటి .275 రిగ్బీ రైఫిలుతో ఎన్నో ఏళ్లు నెట్టుకొచ్చారు.

నాటు తుపాకీ చేసిన నరభక్షకులు

పుట్టుకతో ఏ పులీ నరభక్షకి కాదు. గాయమో, ముసలితనమో జింకను పట్టలేని స్థితికి తెస్తే మనిషి జోలికి వస్తుంది. ఆ గాయాల్లో చాలావరకు మనుషులు చేసినవే. గొట్టం ముందు నుంచి మందు, ఇనుప ముక్కలు కూరి పేల్చే నాటు తుపాకులు దుప్పులనైతే పడగొట్టేవి గానీ పులిని చంపేవి కావు. కాలో దవడో విరిగిన మృగం అడవిలోకి పారిపోయి కొన్నాళ్లకు పశువుల కాపరుల మీద, కట్టెలకు వెళ్లిన ఆడవారి మీద పడేది. కాల్చినవాడు ఒకడు, ప్రాణం పోయేది మరొకరిది. చాలని తుపాకీతో పెద్ద జంతువును కాల్చడం, గాయపడిన దాన్ని వెంటాడకుండా ఇంటికి వెళ్లిపోవడం రెండూ మహాపరాధాలుగా వేటగాళ్లు భావించడానికి కారణం ఇదే.

గుమ్మలాపురం ప్రాంతాన్ని వణికించిన చిరుత ఉదంతం మాత్రం భిన్నమైనది. మనుషులను చంపుతూ పల్లెలను రాత్రిపూట తలుపులకే బందీ చేసిన ఆ చిరుతను ఆండర్సన్ కాల్చిచంపాక చూస్తే పంజాలో ముళ్లపంది ముల్లు విరిగి ఉందట. ఆ రాత్రి ఆయనను కాపాడింది తుపాకీ ఒక్కటే కాదు. ఊళ్లో చేరదీసిన ఓ వీధికుక్క ముందుగా ప్రమాదాన్ని పసిగట్టి గుర్రుమంది. ఆ కుక్కకు నిప్పర్ అని పేరుపెట్టి ఆయన బెంగళూరుకు వెంట తీసుకెళ్లారు.

మంచె మీద ఒంటరిగా

ఆయన సరంజామా చూస్తే నవ్వొస్తుంది. రైఫిలు గొట్టానికి బిగించిన టార్చి, కంబళి, ఫ్లాస్కులో వేడి టీ, తినడానికి ఏదో కాస్త. వీటిలో టార్చి ప్రాణాధారం. చీకట్లో మంచె మీద కూర్చున్నప్పుడు వెలుగు, గురి రెండూ ఒకే దిక్కున ఉండాలి. టార్చి విడిగా పట్టుకుంటే తుపాకీకి ఒక చెయ్యే మిగులుతుంది. వెలుతురు ముందుగా వేస్తే మృగం మాయమవుతుంది, ఆలస్యమైతే మీదికొస్తుంది. ఇక దగ్గు, దోమను కొట్టుకోవడం, బీడీ కాల్చడం వంటివన్నీ నిషిద్ధం. గంటల తరబడి కదలకుండా కూర్చోగల ఒళ్లు కూడా సరంజామాలో భాగమేనని చెప్పుకోవాలి. జౌళగిరి ఆడపులిని మగపులి గొంతును అనుకరించి రప్పించారు. ఆ విద్యకు పైసా ఖర్చు లేదు.

ఆయన తెలుగు నేలమీద వేటాడిన ఉదంతమూ ఉంది. అప్పటి చిత్తూరు జిల్లాలోని భాకరాపేట సమీపంలోని చామల లోయలో నరభక్షకిగా మారిన పులి కథను 1954లో వెలువడిన తొలి పుస్తకంలోనే రాశారు. నాగపట్ల, పులిబోను వంటి తెలుగు పేర్లను ఆంగ్ల పాఠకులకు పరిచయం చేసింది ఆ అధ్యాయమే. పులిబోను అన్న పేరే ఆ లోయ పాత సంగతులను చెబుతుంది. ఇప్పుడా అడవులు శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలో ఉన్నాయి.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆండర్సన్ ఏడు నరభక్షక పులులను, ఎనిమిది నరభక్షక చిరుతలను చంపారు. వాస్తవ సంఖ్య ఇంకా ఎక్కువన్న ప్రచారమూ ఉంది. ఆయన కథల్లో కొంత అతిశయం ఉందనే విమర్శకులు లేకపోలేదు. కానీ బైరా అనే అడవి బిడ్డతో, పల్లె జనంతో ఆయన స్నేహాన్ని రాసిన తీరు చదివినవారికి ఆ మనిషి మీద గౌరవం కలగక మానదు.

తుపాకీ పక్కన పెట్టి..

అడవులు తరిగిపోవడం, జీపుల్లో లైట్లు వేసుకొచ్చి కనిపించిన జంతువునల్లా కాల్చేవారు పెరగడం ఆయనను కలచివేశాయి. మలి వయసులో కెమెరా పట్టారు, వన్యప్రాణి సంరక్షణ గురించి విరివిగా రాశారు. పోచారం 1952లోనే అభయారణ్యమైంది. 1970లో దేశవ్యాప్తంగా పులి వేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్టు టైగర్ వచ్చాయి. ఇవన్నీ ఆయన కళ్లారా చూశారు. మంజీర తీరాన, కామారెడ్డి జిల్లా గుట్టల్లో చిరుత కనిపించిందన్న కబురు వస్తే ఇప్పుడు కదిలేది బోనుతో అటవీ సిబ్బందే తప్ప తుపాకీతో షికారీ కాదు. అయితే అడవి పందుల కోసం చేల గట్లపై అక్రమంగా వేసే కరెంటు తీగలు, ఉచ్చులు నాటి నాటు తుపాకుల పనినే చేస్తున్నాయన్నది కాదనలేని నిజం.

ఆండర్సన్ క్యాన్సర్‌తో బాధపడుతూ 1974 ఆగస్టు 30న బెంగళూరులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 64 ఏళ్లు. పాత అడవుల జ్ఞాపకాలతో రాసుకున్న చివరి పుస్తకం ఆయన మరణానంతరం 1976లో వెలుగు చూసింది.